ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స: శ్రీకాకుళం జిల్లా వారికి దరఖాస్తు విధానం

ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఆపరేషన్ చేయించుకునే వెసులుబాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట దక్కిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు ఇక్కడ 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చి, ప్రస్తుతం అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఊళ్లలో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ కార్డు అనే అంటారు. ఆసుపత్రి కౌంటరులో అలా అడిగినా ఎవరూ తప్పు పట్టరు. పేరు ఎన్నిసార్లు మారినా జనం పడే పొరపాటు ఒక్కటే, కార్డు చేతికొస్తే వైద్యం దొరికినట్టేనని అనుకోవడం. నిజానికి ఇక్కడ రెండు దరఖాస్తులున్నాయి. మొదటిది కుటుంబం అర్హత కోసం గ్రామ లేదా వార్డు సచివాలయంలో మనం పెట్టుకునేది. రెండోది జబ్బు చేశాక, ఆ ఒక్క చికిత్స కోసం ఆసుపత్రి మన తరఫున పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపే ముందస్తు అనుమతి దరఖాస్తు. మొదటిది ఒంట్లో బాగున్నప్పుడే ముగించుకున్న ఇంట్లో రెండోది సాఫీగా సాగుతుంది.

సచివాలయంలో చేయవలసినవి

బియ్యం కార్డు ఉన్న కుటుంబాలు అర్హులే. ఆ కార్డు లేకపోయినా ఏడాది ఆదాయం 5 లక్షల రూపాయల లోపు ఉన్నవారు ఆదాయ ధ్రువపత్రం, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు పట్టుకుని సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును కలవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు వేరే పథకం ఉంది కనుక వారు ఇందులోకి రారు. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు చికిత్స అందించేలా 2023 డిసెంబరులో పరిమితిని పెంచారు.

కాగితాల సంఖ్య తక్కువే. ఇబ్బందంతా పేర్ల దగ్గర వస్తుంది. మా మేనత్త పేరు ఆధార్‌లో అప్పలనరసమ్మ, బియ్యం కార్డులో ఒట్టి నరసమ్మ. గుండెకు స్టెంటు వేయాలన్న రోజున ఆసుపత్రి కంప్యూటరు ఆ ఇద్దరినీ ఒక్క మనిషిగా ఒప్పుకోలేదు. మా బావ ఆ రాత్రి బస్సెక్కి ఊరికి వచ్చి, మర్నాడు సచివాలయం తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. అప్పల, పైడి, సూర్య అన్న మాటలు పేరు ముందు పెట్టుకోవడం, వాడుకలో వదిలేయడం మన ప్రాంతంలో మామూలే కాబట్టి ఇంట్లో ప్రతి ఒక్కరి రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే ముందుగా ఆధార్ కేంద్రంలో సరిచేయించి, ఆ తరువాతే సచివాలయానికి వెళ్లడం మేలు. కొత్తగా వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీసి అత్తింటి కార్డులోకి మార్పించాలి. బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం వచ్చిన వెంటనే పేరు చేర్పించాలి.

డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలకు

వీరికి అదనంగా మరో దారి ఉంది. 2024 అక్టోబరు 29 నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని డెబ్బై ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా వర్తింపజేసింది. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంటుంది. ఇంట్లో ఆ వయసు వారు ఇద్దరుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ఆయుష్మాన్ వయ వందన కార్డు అనే దీనికి ఆధార్ ఒక్కటి చాలు. ఆయుష్మాన్ యాప్‌లో ఇంటి నుంచే నమోదు చేసుకోవచ్చు, సందేహాలకు 14555కు ఫోన్ చేయవచ్చు. వయసును ఆధార్‌లోని పుట్టిన తేదీ బట్టే లెక్కిస్తారు. అందుకే పుట్టిన తేదీ తెలియక అందాజాగా జనవరి 1 అని రాయించుకున్న పెద్దవారు ఆ సంవత్సరం సరిగా పడిందో లేదో చూసుకోవాలి. సైన్యంలో పనిచేసి వచ్చినవారు మన జిల్లాలో ఎక్కువ. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్‌లో ఉన్నవారు దాన్నో దీన్నో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా, ఈఎస్‌ఐ ఉన్నవారికి ఆ అడ్డు లేదు.

నమోదు దగ్గర పలాస, కాశీబుగ్గ వైపు తరచుగా వచ్చే చిక్కు ఒకటుంది. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టి, పప్పు ఒలిచిన ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి కాలి నున్నబడిపోయి ఉంటాయి. వేలిముద్ర యంత్రం మీద ఆ బొటనవేలును ఎన్నిసార్లు నొక్కినా ఎర్ర లైటే వెలుగుతుంది. అలాంటప్పుడు వెనుదిరగకుండా కంటిపాపతో గానీ, ముఖ గుర్తింపుతో గానీ, ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీతో గానీ చేయమని అడగాలి. ఆ ఫోన్ నంబరు వలస వెళ్లిన కొడుకుది అయితే ముందుగానే అతనికి చెప్పి ఉంచాలి.

ఆసుపత్రిలో అనుమతి

నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఈ పథకంతో ఒప్పందం ఉన్న, ఆసుపత్రికే వెళ్లాలి. బయలుదేరే ముందు 104కు ఫోన్ చేసి ఆ ఆసుపత్రి, ఆ ప్రత్యేక విభాగంతో సహా, జాబితాలో ఉందో లేదో అడగడం మంచిది. లోపలికి వెళ్లగానే డబ్బు కట్టే కౌంటరు దగ్గర కాకుండా ఆరోగ్యమిత్ర, అంటే పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగి, బల్ల దగ్గర ఆగాలి. డాక్టరు చూసి, పరీక్షలు చేయించి, జబ్బు పథకం జాబితాలో ఉందని తేల్చితే, ఆ రిపోర్టులతో ఆసుపత్రి ఆన్‌లైన్‌లో అనుమతి కోరుతుంది. ట్రస్టు డాక్టర్లు వాటిని పరిశీలించి ఒప్పుకుంటేనే ఖర్చు ప్రభుత్వానిది అవుతుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఫోన్‌లో అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెడతారు, కాగితాలు ఆ తరువాత వెళ్తాయి.

ఈ అనుమతి జాప్యం రోగి వైపు వారికి చిరాకు కలిగిస్తుంది. కానీ అది లేకపోతే అవసరం లేని ఆపరేషన్లకు కూడా ఖజానా నుంచి బిల్లులు వెళ్తాయి. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించడం వెనుక కూడా ఒక లెక్క ఉంది: అంతా ప్రైవేటుకే పోతే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి, విజయనగరం సర్వజన ఆసుపత్రికి ఆదాయం రాదు, పరికరాలు కొనలేవు. కాబట్టి ప్రైవేటు ఆసుపత్రిలో ఈ కేసు ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి వెళ్లండి అంటే అది ఎప్పుడూ నిరాకరణే కానక్కరలేదు. మిత్రను అడిగి, ఆ చికిత్స కేటాయించినదో కాదో తెలుసుకుని వెళ్లాలి. మరోవైపు, ప్రభుత్వం చెల్లించవలసిన బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామన్న సందర్భాలూ ఉన్నాయి. ముందే అనుకున్న ఆపరేషనుకు బయలుదేరేవారు ఆ రోజు ఉదయం ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాలి.

అనుమతి వచ్చాక మందులకు, పరీక్షలకు, భోజనానికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు. డిశ్చార్జి రోజున సంతకం పెట్టే కాగితాన్ని చదివించుకునే పెట్టాలి. అందులో అన్ని సేవలూ ఉచితంగా అందాయని రాసి ఉంటుంది.

ఉద్దానం వారికి

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎందువల్ల వస్తోందో ఇంకా తేలని కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పాలి. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు కూడా వచ్చింది. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, ఇంటికి దగ్గరి కేంద్రంలో చోటు కోసం మొదట పేరు రాయించుకోవాలి. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. కేంద్రంలోని వైద్యాధికారి ధ్రువీకరణ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు జతచేసి సచివాలయంలో ఇవ్వాలి, రసీదు అడిగి తీసుకోవాలి.

నా అభిప్రాయంలో ఈ పథకంలోని పెద్ద లోపం ఉద్దానంలోనే కనిపిస్తుంది. కార్డు మంచం పట్టిన తరువాతే పనికొస్తుంది. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలకు అది చెల్లదు. దేశంలో వైద్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో జనం సొంత జేబు వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మిగిలిన ఆ 39లో పెద్ద భాగం మందుల షాపులకే పోతుంది. పీహెచ్‌సీలో, గ్రామ క్లినిక్‌లో ఆ మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాటికి దరఖాస్తు అవసరం లేదు, ఆధార్ చూపి పేరు రాయించుకుంటే చాలు. ముప్పై దాటిన ఉద్దానం వారు అక్కడే ఏఎన్‌ఎంను అడిగి బీపీ చూపించుకుని, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే రెండో దరఖాస్తు అవసరం కొందరికైనా వాయిదా పడుతుంది.

ఎక్కడైనా డబ్బు అడిగితే బిల్లు రాసి ఇవ్వమనాలి. ఇస్తే దాని ఫొటోతో, ఇవ్వకపోతే తేదీ, వేళ, అడిగినవారి హోదా రాసుకుని, 104కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. రోగి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే చేసిన ఫిర్యాదుకు స్పందన త్వరగా వస్తుంది. డిశ్చార్జి కాగితం మీద సంతకం పడ్డాక అదే ఫిర్యాదును నిరూపించడం చాలా కష్టం.