మ్యునిడాప్సిస్ జాతిని తేల్చడంలో ఎదురైన చిక్కు: నా అనుభవం

బంగాళాఖాతపు లోతుల నుంచి ట్రాల్ వలలో వచ్చి, ఆల్కహాలులో రంగు వెలిసిపోయిన ఒక స్క్వాట్ లాబ్‌స్టర్ (పీతలకు, రొయ్యలకు బంధువైన, పెంకున్న సముద్రజీవి) గుర్తింపు కోసం నా దగ్గరికి చేరింది. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, తేలడం కష్టం కాలేదు. స్క్వాట్ లాబ్‌స్టర్లలోనే మరో ప్రజాతి అయిన మ్యునిడాకు సన్నని రోస్ట్రం (పెంకు ముందుకు పొడుచుకొచ్చిన మొన), దానికి అటూ ఇటూ కళ్ళ పైన చెరొక ముల్లు, పెద్ద నల్లని కళ్ళు ఉంటాయి. దీని కళ్ళు చిన్నవి, వర్ణకం లేనివి, కనుక ఇది మ్యునిడాప్సిస్. చిక్కంతా జాతి దగ్గరే వచ్చింది. నూగులో ఇరుక్కున్న బురద వల్ల వీపు పెంకు మీది ముళ్ళు, గీతలు సరిగా కనిపించక, గుర్తింపు పట్టిక రెండు జాతుల మధ్య ఆగిపోయింది.

మెత్తని కుంచెతో బురద తీసి, పలుచని మిథిలీన్ బ్లూ ద్రావణం చుక్కలుగా వేయగానే, తెల్లగా కలిసిపోయిన పెంకు మీద గరుకు గీతలు ఒక్కొక్కటిగా నీలంగా తేలాయి. ఆ తరువాత పెంకు పక్క అంచును పట్టకారుతో కొద్దిగా ఎత్తి, కాళ్ళ మొదళ్ళలో ఎపిపాడ్ అనే చిన్న తమ్మె కోసం వెతికాను. అది డెక్కల కాళ్ళకు ఉంది, నడక కాళ్ళకు లేదు. ఈ ప్రజాతిలో జాతులను విడదీసే లక్షణాలలో ఇది ముఖ్యమైనది, దానితోనే ఒక జాతి పక్కకు తప్పుకుంది.

వర్ణనలో పెంకు పొడవును రోస్ట్రం కలపకుండా కొలిచాను, ఎందుకంటే దాని కొన తరచూ విరిగిపోతుంది. ఫార్మాలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది కాబట్టి కాలి కండరాన్ని ముందే ఇథనాల్‌లో వేరుగా దాచాను.