స్టెప్ సీక్వెన్సర్‌తో మాడ్యులర్ సింథ్‌ను పలికించే విధానం

విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం మాడ్యులర్ సింథ్. దానికి స్వరాల వరుసను అందించే స్టెప్ సీక్వెన్సర్ తనంతట తాను ఏ శబ్దమూ చేయదు. అది ఒక్కొక్క మెట్టుకూ ఒక వోల్టేజీని, దానితోపాటు గేట్ అనే సంకేతాన్ని పంపుతుంది. ఏ స్వరం పలకాలో వోల్టేజీ చెబుతుంది, ఎప్పుడు మొదలై ఎంతసేపు నిలవాలో గేట్ చెబుతుంది. కొత్తవారు తీగల మధ్య తికమకపడేది ఎక్కువగా ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే.

ముందుగా సీక్వెన్సర్ సీవీ అవుట్‌ను (స్వరాన్ని చెప్పే వోల్టేజీ వచ్చే జాక్) శబ్దం పుట్టించే ఆసిలేటర్‌లో 1 వోల్ట్/ఆక్టేవ్ అని రాసి ఉన్న జాక్‌కు, గేట్ అవుట్‌ను ఎన్వలప్‌కు (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో నిర్ణయించే మాడ్యూల్) కలపండి. ఆసిలేటర్ శబ్దం వీసీఏ (వోల్టేజీతో శబ్దాన్ని పెంచి తగ్గించే మాడ్యూల్) గుండా వెళ్లాలి, ఆ వీసీఏను ఎన్వలప్ తెరిచి మూయాలి. 1995లో డెప్ఫర్ ఏ-100తో మొదలైన యూరోర్యాక్ అనే మాడ్యూళ్ల పద్ధతిలో ఇవన్నీ 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్‌లే కనుక తీగల విషయంలో ఇబ్బంది ఉండదు. మాడ్యులర్ సిగ్నల్ మామూలు ఆడియో పరికరాల లైన్ లెవెల్ కంటే చాలా పెద్దది కాబట్టి మిక్సర్ గెయిన్‌ను పూర్తిగా తగ్గించి ఉంచి, ఆ తర్వాతే మెల్లగా పెంచండి.

శ్రుతి చేసే ముందు యంత్రాన్ని కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. అనలాగ్ ఆసిలేటర్ ఉష్ణోగ్రతను బట్టి జారుతుంది. నెల్లూరులో మా మేడమీది గదిలో, రోహిణి కార్తె రోజుల్లో, తెల్లవారుజామున సరిచేసిన శ్రుతి మధ్యాహ్నం భోజనం వేళకు నిలవడం నేనెన్నడూ చూడలేదు. ఫ్యాన్ గాలి నేరుగా ర్యాక్‌కు తగలకుండా చూసుకోవడం కూడా మంచిది.

ఇప్పుడు మోహన రాగంతో ఒక వరుస కడదాం. ఒక స్థాయికి (ఆక్టేవ్) 1 వోల్టు, అందులో 12 స్వరస్థానాలు కనుక ఒక్కొక్క స్థానానికి సుమారు 0.083 వోల్టు. షడ్జమాన్ని 0గా తీసుకుంటే రిషభం 0.167, గాంధారం 0.333, పంచమం 0.583, ధైవతం 0.75, తారషడ్జమం 1 వోల్టు. ఎనిమిది మెట్లలో స రి గ ప ద స ద ప అని అమర్చి, ఫోన్‌లోని ట్యూనర్‌ను చూస్తూ, సీక్వెన్సర్‌ను నడపకుండా ఒక్కొక్క మెట్టునే ఆపి ఆ నాబ్‌ను సరిచేయండి. నాబ్ ఒక వెంట్రుకవాసి కదిలినా స్వరం మారిపోతుంటే, మధ్యలో క్వాంటైజర్‌ను పెట్టండి. అది వోల్టేజీని దగ్గరి స్వరస్థానానికి లాగి నిలుపుతుంది. గమకం కావాలంటే మాత్రం క్వాంటైజర్ తర్వాత, వోల్టేజీని మెల్లగా జార్చే స్లూ మాడ్యూల్ పెట్టుకోవాలి, ముందు పెడితే జారుడు మెట్లుమెట్లుగా తెగిపోతుంది.

ఎనిమిది మెట్లు ఆదితాళానికి సరిపోతాయి. ఖండచాపు కావాలంటే ఐదు మెట్లకే ఆగాలి: మెట్ల సంఖ్యను తగ్గించే స్విచ్ లేని యంత్రంలో, ఆరవ మెట్టుకు విడిగా గేట్ అవుట్ ఉంటే దానిని రీసెట్ ఇన్‌కు కలిపితే, ఆరవది వచ్చిన క్షణమే వరుస మొదటికి తిరుగుతుంది. కొన్ని యంత్రాలు రీసెట్ అందుకున్నా తర్వాతి క్లాక్ (మెట్టును ముందుకు జరిపే పల్సు) వచ్చేదాకా ఆగుతాయి. వాటిలో ఐదవ మెట్టు గేట్‌నే వాడవలసి ఉంటుంది.

బయటి క్లాక్‌తో కలిపినప్పుడు వరుస పరుగెత్తుతోందంటే యంత్రం చెడిపోలేదు. పాత డ్రమ్ మెషీన్ల డిన్ సింక్ అనే క్లాక్ సంకేతం పావు నోటుకు 24 పల్సులు పంపుతుంది. మీ సీక్వెన్సర్‌కు కావలసినవి 4 మాత్రమే. మధ్యలో క్లాక్ డివైడర్ పెట్టి 6తో భాగిస్తే లయ కుదురుతుంది.