అత్యాచారం తర్వాతి కాపురం: సీరియల్‌కి సీన్లు రాసేవాళ్లకి

అత్యాచారాన్ని తెరమీద చూపించకండి. ఆమె ఇంటి తలుపు తీసుకుని లోపలికొచ్చిన దగ్గర్నుంచి కథ ఎత్తుకోండి. ఇది మొగుడూపెళ్లాల కథ, ఫుటేజీ అంతా ఆ ఇంట్లోనే ఖర్చవ్వాలి.

మాదాపూర్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఫ్లాట్ అనుకుందాం. రాత్రి పదకొండున్నరకి వచ్చి నేరుగా బాత్రూంలోకి వెళ్తుంది. చాలామంది చేసే పని అదే. అప్పుడు భర్త చేత "స్నానం ఎందుకు చేశావ్, సాక్ష్యం పోయింది కదా" అనిపిస్తే ఆమెమీద నింద వేసినట్టే. పైగా తప్పు కూడా: స్నానం చేసినా పరీక్ష చేయించుకోవచ్చు, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం 96 గంటలదాకా నమూనాలు తీస్తారు. విడిచిన బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి పాడవుతాయి. వంటింట్లో అతను కాగితం సంచి కోసం అరలన్నీ వెతుకుతుంటే డైలాగే అక్కర్లేదు.

జరిగింది చెప్పేటప్పుడు ఆమె మాటల్ని వరసగా పేర్చకండి. ముందు లిఫ్ట్‌లో వెలిగిన అంకె గుర్తొస్తుంది, తర్వాత ఒక వాసన, మధ్యది చాలా రోజులకి. "ఇందాక లిఫ్ట్ అన్నావ్, ఇప్పుడు మెట్లంటావేంటి?" అని అతనన్న క్షణం కాపురం బీటవేస్తుంది. "ఎందుకరవలేదు?" అన్నా అంతే. భయానికి ఒళ్లు కొయ్యబారిపోతుంది, నోరు పెగలదు. ఈ మాట డాక్టర్ చేత చెప్పించండి.

"వాణ్ణి నరికేస్తా" అని అతను గ్లాసు విసిరితే, పెంకులు ఎవరు ఊడుస్తారో రాయండి. ఆమె ఊడిస్తే, అతని కోపాన్ని కూడా ఆమే మోస్తోందని చూసేవాళ్లకి తెలుస్తుంది.

హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రచయితకి ఇంతకన్నా ఏం కావాలి! అత్తగారు ఆ డబ్బా చూసి "ఏం మాత్రలమ్మా, విశేషమా?" అంటుంది. ఈ సీన్ తేలిగ్గా వదిలేయకండి, ఇద్దరి మొహాలమీదా ఆగండి.

పోలీసు సీన్లు క్లుప్తంగా చాలు, తప్పులు మాత్రం రానివ్వద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ప్రైవేటు ఆసుపత్రయినా ఉచితంగా వైద్యం చేయాల్సిందే. 2024 జులై 1 నుంచి జరిగిన నేరమైతే పాత ఐపీసీ సెక్షన్ "376" అనకూడదు, దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 64. ఆమెకి అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్షని సుప్రీంకోర్టు 2013లోనే తప్పుబట్టింది, ఎక్కడా పెట్టకండి. న్యూస్ ఛానల్ సీన్లో ఆమె పేరు, ఫొటో వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. పోలీసులు, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరికే భరోసా కేంద్రం హైదరాబాద్‌లో 2016 నుంచి ఉంది, ఆమెని అక్కడికి తీసుకెళ్లండి.

పడకగదిలో ఆమె తలుపు వైపు పక్క అడుగుతుంది. అతను కారణం అడక్కుండా దిండు మార్చుకుంటాడు. తాకే ముందు ప్రతిసారీ అడుగుతాడు, కొన్నిసార్లు వద్దంటుంది. ఇది నెలలు పడుతుంది, ఒక్క పండగ ఎపిసోడ్‌తో తేల్చేయకండి. "ఇంత జరిగినా నిన్ను ఏలుకుంటా" అన్న డైలాగ్ ఉంటే కొట్టేయండి: తప్పు చేసినదాన్ని క్షమించినట్టుంటుంది.

ఎపిసోడ్ చివర మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర సాయం 112 నంబర్లు పెద్ద అక్షరాలతో, కదలకుండా, రాసుకునేంత సేపు ఉంచండి.