జంతువుల తగాదా చదవడం – 4వ పాఠం: వీధి మలుపులో రెండు కుక్కలు

పోయిన పాఠంలో గోడ మీద తొండను చూశాం. ఈసారి కుక్కలు. ఇవి మనకు బాగా తెలుసనుకుంటాం కాబట్టే ఎక్కువ పొరపడతాం.

కొత్త కుక్క వీధిలోకి వచ్చింది. మన వీధి కుక్క లేచింది, తోక ఊపుతోంది. స్నేహమే అనుకోకండి. తోక నిటారుగా లేచి, బిగుసుకుని, కొస మాత్రం గబగబా కొట్టుకుంటోందా? అది పలకరింపు కాదు. నడుముతో సహా ఒళ్ళంతా మెలికలు తిరుగుతుంటే స్నేహం.

1872లో డార్విన్ ఈ తేడానే రాశాడు. కోపంతో ఉన్న కుక్క తల ఎత్తి, చెవులు ముందుకు పెట్టి, బిగుసుకుని నడుస్తుంది. అదే కుక్క యజమానిని గుర్తుపట్టగానే ఒళ్ళు కుంగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఒకటి రెండోదానికి సరిగ్గా తలకిందులు. 'తోక ముడిచాడు' అనే మనవాళ్ళకు ఇందులో సగం ముందే తెలుసు.

వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే మాత్రం తొందరపడి 'కోపం' అని రాయకండి. మన రోమాల్లాగే అవీ వాటంతట అవే లేస్తాయి. భయానికీ లేస్తాయి, హుషారుకీ లేస్తాయి. పళ్ళు ఇంకాస్త నమ్మకం. మూతి ముడుచుకుని ముందు పళ్ళే కనబడితే మీద పడడానికి సిద్ధం. నోటి మూలలు వెనక్కి లాగి దవడ పళ్ళదాకా చూపిస్తే, లోపల భయం ఉంది. భయపడ్డ కుక్క కరవదని కాదు!

ఇక గుర్రుమనడం. అది 'ఇంకా దగ్గరికి రాకు' అనే మాట. పెంపుడు కుక్క గుర్రుమందని కొట్టేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్. భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక ఒక్కటే పోతుంది. 'మొరిగే కుక్క కరవదు' అన్న సామెతను నేను సగమే నమ్ముతాను. నేను భయపడేది ఆ చప్పుడు ఆగిపోయి, కుక్క కదలకుండా, రెప్ప వేయకుండా చూసే ఆ ఒక్క క్షణానికే.

ఈ వారం పని: బాల్కనీ నుంచో మేడ మీంచో మూడు ఎదురుపాట్లు చూడండి. కిందికి దిగొద్దు, తిండి వెయ్యొద్దు. తోక, చెవులు, మూతి, చూపు, ఏది ముందు మారిందో వరుసగా రాయండి. పక్కకు చూపు తిప్పింది ఏ కుక్కో, ఆ తర్వాత రెండోది ఏం చేసిందో తప్పకుండా రాయండి. 5వ పాఠం అక్కడే మొదలవుతుంది.