ఒడ్డునున్న పడవకు ఎండ దెబ్బ: సమస్య - పరిష్కారం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో ఇంజిన్ పడవలకు వేట నిషేధం. అంతర్వేదిలోనైనా, భైరవపాలెంలోనైనా ఆ 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఎండలు మండిపోయేదీ అప్పుడే. పడవకు పని లేని ఆ రెండు నెలల్లోనే పైపూతకు పెద్ద దెబ్బ తగులుతుంది.

చేత్తో రాస్తే తెల్లటి పొడి అంటుతోంది

ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఫైబర్ పడవ జెల్‌కోట్ (పడవ పైన ఉండే నున్నటి పూత) పైపొర పొడిబారిపోతుంది. ముందు మంచినీళ్లతో ఉప్పు, ఇసుక పోయేలా కడగండి. 800, ఆ తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి తేలిగ్గా రుద్దండి. రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే ముద్ద) పట్టించి, పైన మైనం పూయండి. జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరే. మెరుపు కోసం ఏటా అరగదీస్తే పూతే మిగలదు.

జెల్‌కోట్ కింది గాజు పీచు బయటపడింది

ఇక్కడ మైనంతో లాభం లేదు. జెల్‌కోట్ పోయింది కాబట్టి ఆ పీచు వెంట నీళ్లు లోపలికి పాకుతాయి. 80 నంబరు పేపర్‌తో గరుకు చేసి, బాగా ఆరనిచ్చి, కొత్త జెల్‌కోట్ వేయాలి. పొద్దుటి తేమ ఆరాక వేయండి. మిట్టమధ్యాహ్నమైతే పూత డబ్బాలోనే గట్టిపడిపోతుంది. వేశాక పైన జిగట పోకపోతే సరుకు కల్తీ అని కంగారు పడకండి, గాలి తగిలే పైపొర సరిగా గట్టిపడదు. చివరి పూతలో కలిపే మైనం ద్రావణం అడిగి కొనండి.

ఇది మాత్రం మరవకండి: రెజిన్ (పూతకు వాడే జిగట ద్రవం) గట్టిపడటానికి అందులో కలిపే రెండు మందులు కోబాల్ట్, కెటలిస్ట్. వీటిని ఒకదానితో ఒకటి నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే కెటలిస్ట్ పోయాలి. కెటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోండి.

పట్టా తీస్తే మరకలు, బొబ్బలు

ప్లాస్టిక్ పట్టాను పడవకు అంటుకునేలా కప్పారన్నమాట. తేమ, వేడి లోపలే ఉండిపోయాయి. అడ్డంగా వెదురు బొంగులు కట్టి, జానెడు ఎత్తున కప్పండి. నన్నడిగితే పట్టా కన్నా కొబ్బరాకు తడికలే మేలు. గాలి ఆడుతుంది, కోనసీమలో ఆకుకు కొరతా లేదు.

అడుగు, అంచు అరిగాయి

ఇసుక మీద ఈడిస్తే అడుగు అరుగుతుంది, దుంగల మీద దొర్లించండి. వల తాడు ఒరిసే అంచుకు నిలువునా చీల్చిన రబ్బరు పైపు తొడగండి.

చెక్క నావలో సందులు విచ్చుకున్నాయి

ఎండకు చెక్క ముడుచుకుంది. వెంటనే దూది బిగించేయకండి, నీళ్లు తగిలి చెక్క ఉబ్బితే పలకలు పక్కకు నెట్టుకుంటాయి. తడి గోనె సంచులు రెండు రోజులు కప్పి చూడండి. అప్పటికీ మూసుకోని సందునే పూడ్చండి.