తుపాను వెళ్లాక నూతికి బ్లీచింగ్ పట్టించాలంటే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక కరెంటు పోయింది, దాంతో పాటు కుళాయిలూ ఆగిపోయాయి. అలాంటప్పుడు పేటల్లో పాత నూతులే దిక్కు. గెడ్డ (వాగు) పొంగి నూతిలోకి దిగిందంటే పక్కనున్న సెప్టిక్ ట్యాంకు నీళ్లు కూడా దిగినట్టే లెక్క. అందులో గుప్పెడు బ్లీచింగ్ ముగ్గులా చల్లి ఊరుకుంటే వాసన వస్తుందే తప్ప క్రిములు చావవు.

ముందు నీళ్లెన్ని ఉన్నాయో తేల్చండి. తాడుకి రాయి కట్టి అడుగు తగిలేదాకా దించితే, తాడు తడిసినంత మేర నీటి లోతు. నూతి వ్యాసాన్ని, అంటే అడ్డు వెడల్పుని, దానితోనే హెచ్చించి, దాన్ని లోతుతో, ఆపైన 22తో హెచ్చించండి. కొలతలు అడుగుల్లో ఉంటే లీటర్లు సుమారుగా వస్తాయి. అయిదడుగుల వెడల్పు నూతిలో పదడుగుల నీళ్లుంటే 5,500 లీటర్లు. అపార్ట్‌మెంటు సంపుకైతే పొడవు, వెడల్పు, లోతు, 28 హెచ్చిస్తే సరి. సంపు మునిగితే ఖాళీ చేసి కడగాల్సిందే. మూత తీసి గాలి ఆడనిచ్చాకే దిగాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి.

బురద ఉన్నంతసేపూ బ్లీచింగ్‌లోని క్లోరిన్ దానికే ఖర్చైపోతుంది. కాబట్టి చెత్త తీసి, నీళ్లు తేటపడేదాకా తోడండి. నేల బాగా నాని ఉన్నప్పుడు ఒక్కసారే మొత్తం తోడేస్తే వరలు కుంగే ప్రమాదం ఉంది; విడతలుగా తోడండి.

మునిగిన నూతికి మొదటి మోతాదు వెయ్యి లీటర్లకి 200 గ్రాముల బ్లీచింగ్ పొడి. మన లెక్క నూతికి 1.1 కిలోలు. ప్లాస్టిక్ బకెట్‌కి 100 గ్రాములు మించకుండా వేసి, కాసిని నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పాతిక వంతు నింపి, బాగా కలియబెట్టి పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైతేట మాత్రమే చేదలోకి వంచి, నీళ్ల లోపలికి దించి, పైకీ కిందకీ ఆడించండి. మడ్డి నూతిలో పోయొద్దు, నీళ్లు కాఠిన్యం ఎక్కుతాయి. గడ్డకట్టి, ఘాటు పోయిన పొడి దండగ. టాయిలెట్ యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

12 గంటలు ఆ నీళ్లు ఎవరూ ముట్టకూడదు. తర్వాత ఘాటు తగ్గేదాకా తోడేసి, ఊరిన నీటిని మళ్లీ కొలిచి, ఈసారి వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములే అదే పద్ధతిలో వేయండి. గంట ఆగి క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో క్లోరిన్ కొలిచే చిన్న కిట్‌తో చూడండి. ఆర్థోటాలిడిన్ (క్లోరిన్ తగిలితే పసుపెక్కే మందు) చుక్కలు వేసిన పది సెకన్లలోపు పసుపు రంగు చదవాలి. ఆలస్యమైతే మలినాలతో కలిసి పట్టు తగ్గిన క్లోరిన్ కూడా రంగు చూపించి మోసం చేస్తుంది. లీటరుకి 0.5 మిల్లీగ్రాములు కనిపించాలి. తగ్గితే ఇంకో సగం మోతాదు. ఊట కొత్తగా వస్తూనే ఉంటుంది గనక ఈ పరీక్ష రోజూ చేయాల్సిందే.

ఉప్పునీళ్లు చేరిన నూతికీ, డీజిల్ వాసన కొట్టే నీళ్లకీ బ్లీచింగ్ పనిచేయదు, మరిగించినా లాభం లేదు. అక్కడ ట్యాంకరు నీళ్లే తాగాలి. వాటిలోనూ పొట్లం మీద రాసిన లెక్కన క్లోరిన్ మాత్ర వేసి, అరగంట మూతపెట్టి ఉంచి తాగండి.