కొత్త మందు మొదలుపెడుతున్నారా? ఎనిమిది వారాలు నోటిని, కళ్లను గమనించుకోండి

మందు పడకపోతే తొలి మాత్రకే తెలిసిపోతుందని చాలామంది నమ్మకం. కొన్ని అలర్జీలు నిమిషాల్లో, గంటల్లో బయటపడతాయి కాబట్టి అందులో కొంత నిజం ఉంది. కానీ చర్మంతో పాటు నోరు, కళ్లు, జననాంగాల్లోని శ్లేష్మ పొరలను కూడా ఒలిచేసే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అలా రాదు. మందు మొదలుపెట్టిన నాలుగో రోజుకూ నాలుగో వారానికీ మధ్య ఎక్కువగా వస్తుంది, ఒక్కోసారి ఎనిమిదో వారం దాకా ఆగుతుంది. అప్పటికి మనిషి ‘ఈ మందు నాకు పడింది’ అని నిశ్చింతగా ఉంటాడు. చిక్కంతా అక్కడే.

ఇది చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో ఏ కొద్దిమందికో వస్తుంది. కాబట్టి భయపడి మందులు మానేయమని కాదు. ఎక్కువగా దీనికి కారణమయ్యే మందులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మూర్ఛకు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్. కో-ట్రైమోక్సజోల్ వంటి సల్ఫా మందులు. హెచ్ఐవీకి వాడే నెవిరపైన్. పైరాక్సికామ్, మెలోక్సికామ్ తరహా నొప్పి మాత్రలు. మూర్ఛ లేదు కదా, నాకెందుకు అనుకోకండి. ముఖంలో నరాల నొప్పికి కార్బమజెపైన్, బైపోలార్ సమస్యకు లామోట్రిజిన్ రాస్తుంటారు.

మొదటి మాత్రకు ముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. గతంలో ఏ మందుకైనా ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే దాని పేరుతో సహా డాక్టర్‌కు చెప్పాలి. ‘ఏదో తెల్ల మాత్ర’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఫెనిటాయిన్ పడనివారికి కార్బమజెపైన్ కూడా పడకపోవచ్చు, వాటి రసాయన నిర్మాణం దగ్గరదగ్గరగా ఉంటుంది. కార్బమజెపైన్‌కు ముందు హెచ్ఎల్ఏ-బి 15:02, అల్లోప్యూరినాల్‌కు ముందు హెచ్ఎల్ఏ-బి 58:01 అనే జన్యు పరీక్షలు ఉన్నాయి. ముప్పును పెంచే ఈ జన్యువులు ఆసియా మూలాలున్న కొన్ని జనసమూహాల్లో ఎక్కువ. మీకు అవసరమా అని అడగడంలో మొహమాటం వద్దు. ఫలితం నెగెటివ్ అని వచ్చినా ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఇంకో మాట: కీళ్లనొప్పి, కిడ్నీలో రాళ్లు ఏవీ లేకుండా, రిపోర్టులో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువుందని అల్లోప్యూరినాల్ అడిగి మరీ రాయించుకోవడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

లామోట్రిజిన్‌ది మరో కథ. పెద్దవారికి సాధారణంగా తొలి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములే ఇస్తారు. మూర్ఛకే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే అదీ రోజు విడిచి రోజే. త్వరగా గుణం కనిపించాలని మోతాదు పెంచుకుంటే చర్మానికి ముప్పు పెరుగుతుంది. ఐదారు రోజులు మాత్రలు తప్పిపోతే పాత మోతాదుతోనే మళ్లీ మొదలుపెట్టకూడదు, ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇక మందు మొదలుపెట్టిన తేదీని క్యాలెండర్‌లో రాసి, అక్కడి నుంచి ఎనిమిది వారాలు గీత గీయండి. ఆ గీతలో ఏ రోజైనా జ్వరం, గొంతు నొప్పి, కళ్లలో ఇసుక పడ్డట్టు మంట మొదలైతే జలుబని కొట్టిపారేయకండి. ఒకటి నుంచి మూడు రోజుల పాటు ఇది అచ్చం జలుబులాగే ఉంటుంది. తర్వాత ఒక ఉదయం టూత్‌పేస్టు నురగ తగలగానే నోరు భగ్గుమంటుంది. పెదవుల మీద నల్లటి రక్తపు పొక్కు కడుతుంది, లాలాజలం మింగడం కూడా కష్టమవుతుంది. ‘వేడి చేసిందిలే’ అని మజ్జిగ తాగి ఊరుకునే ప్రమాదం ఉన్నది ఇక్కడే. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు తొలిసారి వర్ణించిన ఇద్దరు బాలురకు కూడా జ్వరం, దద్దుర్లతో పాటు నోరు, కళ్లు దెబ్బతిన్నాయి.

మామూలు మందు దద్దుర్లు దురద పెడతాయి, నోటి జోలికి రావు. ఈ జబ్బులో వచ్చే దద్దుర్లు మండుతాయి. ముఖం మీద, ఛాతీ మీద ఎర్రని మచ్చలు వచ్చి వాటి నడుమ ఊదా రంగు కమ్ముతుంది, దుప్పటి రాసుకున్నా నొప్పి పుడుతుంది. ముదిరితే వేడినీళ్లలో వేసిన టమాటా తొక్కలా చర్మం జారిపోతుంది. నిజమో కాదో చూద్దామని మీరు రుద్దకండి.

దద్దుర్లు మాత్రమే కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. వాటికి జ్వరం గానీ, నోటిపూత, కంటి ఎరుపు, మూత్రంలో మంట గానీ తోడైతే ఫోను సలహాలు చాలవు, ఆ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. మూర్ఛ మందును ఇంట్లోనే ఆపేసి కూర్చుంటే ఫిట్స్ రావచ్చు, అక్కడైతే ఆ మందు ఆపి వేరేది ఇస్తారు. గత రెండు నెలల్లో వాడిన ప్రతి మందు స్ట్రిప్పును, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. పాత స్టెరాయిడ్ మలాములు, పసర్లు పూయకండి. చర్మం ఎంత మేర ఊడిందో అరచేతితో అంచనా వేయొచ్చు: రోగి అరచేయి వేళ్లతో సహా శరీరం మీది చర్మంలో సుమారు ఒక శాతం. పది శాతం లోపు చర్మం ఊడితే దీన్ని స్టీవెన్స్-జాన్సన్ అంటారు. ముప్పై శాతం దాటితే అది టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్, అప్పుడు కాలిన గాయాల వార్డు స్థాయి వైద్యం కావాలి.

ఆసుపత్రిలో చేరిన రోజే కంటి డాక్టర్‌ను పిలిపించమని అడగండి. చర్మం వారాల్లో తిరిగి వస్తుంది. కళ్లు అలా కాదు, రెప్ప లోపలి పొర కంటికి అతుక్కుపోతే చూపు దెబ్బతింటుంది. కంటిపై ఉమ్మనీటి సంచి పొరను అమర్చే చికిత్స తొలి రోజుల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది. జననాంగాల్లో పుండ్లుంటే సిగ్గుపడి దాచకండి, అక్కడి పొరలు కూడా అతుక్కుంటాయి.

కోలుకున్నాక ఆ మందు పేరు, సంవత్సరం ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. దాన్ని జీవితంలో మళ్లీ, పరీక్ష కోసం ఒక్క మాత్ర కూడా, వేసుకోకూడదు. కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు అసలు పేరు రాయండి. అదే మందు పది పేర్లతో దొరుకుతుంది.